విప్పకముందే గూడెం చేరాలి

ఉదయం ఏడింటికి ఫోన్ మోగింది. సెల్‌ఫోన్‌లో ఇన్‌కమింగ్‌కి డబ్బులు తీసేసిన కొత్తల్లో, మా తమ్ముడు జానీ నిమ్మళంగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆ రోజు మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

"ఆపా, బండి తాడేపల్లిగూడెం షెడ్డులో పెట్టేశాను. నిన్న దారిలో హీటెక్కి ఆగిపోయింది. హెడ్డు పోయిందంటున్నాడు మేస్త్రి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంజన్ దించేస్తారంట."

"ఏం చూసి చెప్పాడు?"

"చూశాడు ఆపా."

"రేడియేటర్ మూత తీసి చూశాడా? ఆయిల్ పుల్ల తీసి చూశాడా?"

"అవన్నీ అక్కర్లేదంట. నేను చెప్తుండగానే తెలిసిపోయిందంట. చాలా పెద్ద మేస్త్రి ఆయన."

చెప్తుండగానే తెలిసిపోయిందట! నా ఒళ్ళు మండిపోయింది. ఏలూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. రెండు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టర్లు రక్తం చూస్తారు, మూత్రం చూస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు, అప్పుడు గానీ కత్తి మాట ఎత్తరు. ఇంజన్‌కి నోరు లేదు కనుక దాని కడుపు ముందు కోసి, జబ్బేమిటో తర్వాత వెతుక్కుంటారన్నమాట. "నేను వచ్చేదాకా ఎవరినీ స్పానర్ పట్టుకోనివ్వకు" అని చెప్పి, ల్యాబ్‌కి సెలవు ఫోన్ చేశాను.

జానీ భీమడోలులో ఉంటాడు. వాడికున్నది ఒక్క డీజిల్ అంబాసిడర్. దాన్ని స్టాండులో పెట్టి కొల్లేరు సరస్సు మధ్యనున్న లంక ఊళ్ళ వైపు కిరాయిలు తిప్పుతాడు. స్కూళ్ళు తెరిచాక లంకల పిల్లల్ని పొద్దున్నే భీమడోలు స్కూలుకి చేరవేసే పని కూడా కుదిరింది. బండి పది రోజులు షెడ్డులో కూర్చుంటే ఆ పిల్లలు వేరే బండి ఎక్కేస్తారు, మళ్ళీ దిగరు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ ఇంజన్ ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. టాక్సీవాళ్ళ లోకంలో అది చిన్న సంగతి కాదు. కంపెనీ బిగించిన బిగింపు ఒకసారి వదిలిందంటే, మళ్ళీ ఎంత గొప్పవాడు బిగించినా ఆ ఇంజన్ ఆ ఇంజన్ కాదు. ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, పొగ వదులుతుంది, ఏడాదికోసారి షెడ్డు తోవ పడుతుంది. వాడి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఇంజన్ మీదే.

నాకివన్నీ ఎలా తెలుసని అడుగుతారేమో. మా అబ్బా, అంటే నాన్న, బస్సు డిపోలో మెకానిక్. ఇంటి ముందు ఎవరి బండి బాగుచేస్తున్నా టార్చి పట్టుకునేది నేనే. జానీ అప్పటికి పాలు తాగే పిల్లవాడు. "చెయ్యి పెట్టేముందు చెవి పెట్టు" అనేవాడు అబ్బా. ఆయన వాసన చూసేవాడు, తాకి చూసేవాడు, పది ప్రశ్నలు అడిగేవాడు. స్పానర్ అన్నిటికంటే ఆఖర్న బయటికి వచ్చేది.

ఏలూరు స్టేషన్లో, మేం గూడెం అని పిలిచే తాడేపల్లిగూడెం వైపు పాసింజర్ ఎనిమిదిన్నరకి. టికెట్టు పది రూపాయల లోపే. బస్సులో వెళ్తే కొంచెం ముందే చేరొచ్చు గానీ, హైవే పనుల వల్ల ఎక్కడ ఆగుతుందో చెప్పలేని రోజులవి. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం, ఒక పేపరు కొన్నాను. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్ళగా ఉంది. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ నేను ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాను.

కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా తెల్ల చొక్కా వేసుకున్న ఎరువుల కంపెనీ ఏజెంటు. ఎక్కడికని అడిగితే ఉన్న సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అంబాసిడరా అండీ? హీటెక్కుతోందా? అయితే హెడ్డేనండి" అన్నాడాయన, చేతిలోని బ్యాగు పక్కన కూడా పెట్టకుండానే.

"మీరు బండి చూశారా?"

"చూడక్కర్లేదండీ. మా బావగారిదీ అంతేనండి. దించేశారు."

"దించాక బాగుపడిందా?"

"అది వేరే కథ లెండి" అన్నాడు. ఆ వేరే కథ మాత్రం చెప్పలేదు.

పక్క బల్ల మీద పెద్దాయన తనను అడగకపోయినా "సిలిండర్లు అరిగి బోరుకొచ్చేసి ఉంటుందండీ" అని తీర్పిచ్చాడు. దెందులూరు వచ్చేసరికి మా పెట్టెలో సగం మంది ఆ బండి చూడకుండానే దాని రోగం తేల్చేశారు. మన జిల్లాలో మర్యాదకి లోటు లేదు. ప్రతి మాటకీ వెనక అండీ తగిలించి, ఎంత దారుణమైన సలహా అయినా మెత్తగా చేతిలో పెడతారు.

భీమడోలులో ఖాళీ చేపల గంపతో ఒకామె ఎక్కింది. లంకల నుంచి పొద్దున్నే చేపలు తెచ్చి అమ్మేసి, గూడెంలో కూతురింటికి వెళ్తోందట. మా వాదన కాసేపు విని, తమలపాకుకి సున్నం రాసుకుంటూ ఏజెంటు వైపు తిరిగింది.

"డాక్టరు కూడా ముందు నాలిక చాపమంటాడు కదండీ బాబూ. రెప్ప కిందికి లాగి కళ్ళు చూస్తాడు. ఆ తర్వాతే సూది."

ఆ పెట్టెలో బుద్ధి ఉన్న మనిషి ఆవిడొక్కతే. నా ఇడ్లీ పొట్లంలో మిగిలిన రెండూ ఆవిడకిచ్చాను.

పూళ్ళ దాటాక కుడి పక్కన దూరంగా చేపల చెరువులు కనిపిస్తాయి. అటు వెళ్ళేవాళ్ళు కుడి కిటికీ చూసుకోండి. గట్ల మీద చేపల మేతకి తవుడు బస్తాలు తెచ్చే లారీలు, ఎర్ర దుమ్ము, చెరువుల మీద ఎండ. ఆ రోజు నాకు అందమేమీ కనిపించలేదు. జానీ బండి తిరిగే దారులివే కదా అని మాత్రం అనుకున్నాను.

పదిన్నర దాటాక గూడెంలో దిగాను. స్టేషన్ బయట అడుగు పెట్టగానే ఉల్లిపాయల మార్కెట్ వాసన. ఆటోవాడు పదిహేను అన్నాడు, పది ఇచ్చి ఎక్కాను. షెడ్డు పేరు చెప్పగానే, "ఇంజన్ దించారా అండీ?" అని అడిగాడు. ఈ ఊళ్ళో ఆ షెడ్డుకి వెళ్తే అది తప్ప ఇంకోటి జరగదని అప్పుడే తెలిసిపోయింది.

షెడ్డు హైవే పక్కన, రేకుల కప్పు కింద. జానీ బండి బానెట్ తెరిచి ఉంది. ఎయిర్ ఫిల్టర్ అప్పటికే ఊడదీసి మడ్‌గార్డు మీద పెట్టారు. నేను ఆటో దిగుతూనే అరిచాను, జానీ పరుగెత్తుకొచ్చాడు. వాడి మొహం వాడిపోయింది. రాత్రి తిన్నట్టు లేడు.

"పట్టుకోనివ్వద్దన్నానా లేదా?"

"అది ఫిల్టరే కదా ఆపా..."

మేస్త్రి పేరు సూర్రావు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లటి పంచె, చేతులకి నల్లటి నూనె, మొహం మీద చల్లటి నవ్వు. కోపంగా మాట్లాడే మనిషైతే నాకు సులువుగా ఉండేది.

"రండమ్మగారు, కూర్చోండి. ఒరే, కుర్చీ వెయ్యండ్రా. టీ తాగుతారా అండి? కంగారేమీ లేదండి. హెడ్ గాస్కెట్ పోయిందండి. దించేసి, గ్రైండింగ్‌కి పంపించేసి, బోరు కూడా చూసేద్దారి. పది రోజులు."

"ఎలా తెలిసిందండీ పోయిందని?"

"హీటెక్కుతుంది కదండీ మరి."

"హీటెక్కడానికి వంద కారణాలుంటాయి."

"ఆయ్, ఉంటాయండి. మా దగ్గరకొచ్చినవన్నీ హెడ్డేనండి."

విన్నారా? వీళ్ళ దగ్గరికొచ్చినవన్నీ హెడ్డేనట. వచ్చినవన్నీ దించితే ప్రతిదాంట్లోనూ హెడ్డే కనిపిస్తుంది మరి, ఇంకేం కనిపిస్తుంది! నేను కుర్చీ వద్దన్నాను. టీ కూడా వద్దన్నాను.

షెడ్డు మూల ఒక జీపు ఉంది. దాని ముందు నేల మీద పరిచిన గోనెపట్టా మీద ఆ జీపు ఇంజన్ ముక్కలు ముక్కలుగా ఉంది. పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి గంగరాజు గారని జానీ చెప్పాడు. ఆగడాలలంకలో చెరువులున్నాయి, చేపపిల్లల్ని ఆ జీపులోనే తోలుకుంటాడు. అది వారం కిందట విప్పారు. బ్లాక్‌ని బోరు కోసం రాజమండ్రి పంపారు. పిల్లల్ని చెరువుల్లో వదిలే అదను దాటిపోతోందని ఆయన రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంటున్నాడట.

"ముందు ఫిల్టర్ బిగించండి. తర్వాత నేను చెప్పినవి నాలుగు చూడండి. అప్పటికీ హెడ్డే అని తేలితే నేనే స్పానర్ అందిస్తాను" అన్నాను.

సూర్రావు నవ్వుతూనే జానీ వైపు చూశాడు. ఆడమనిషి మాట్లాడితే తమ్ముడి వైపు చూడటం ఈ ఊళ్ళో ఒక పద్ధతి. జానీ నేలచూపులు చూశాడు. అలా చూస్తూనే "మా ఆపా చెప్పినట్టు చూడండి మేస్త్రి గారూ" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఇంజన్ రాత్రంతా చల్లారింది కనుక రేడియేటర్ మూత నేనే తీశాను. నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. పైన నూనె తెట్టు లేదు. ఆయిల్ పుల్ల తీసి తుడిచి మళ్ళీ ముంచి చూశాను. ఆయిల్ నల్లగా ఉంది, నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లబడలేదు. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయమన్నాను. ఇంజన్‌కీ దాని పైమూత హెడ్డుకీ మధ్య అడ్డుండే గాస్కెట్ పోతే సిలిండర్లో గాలి నీళ్ళలోకి తన్నుకొచ్చి బుడగలు లేస్తాయి. ఒక్క బుడగ లేవలేదు. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర చూస్తే తెల్లటి ఆవిరి లేదు.

"ఏదండీ హెడ్డు?" అన్నాను.

"వేడెక్కనివ్వండి, అప్పుడు తెలుస్తుందండి" అన్నాడు సూర్రావు. అది మాత్రం న్యాయమైన మాటే. మూత పెట్టి ఇంజన్‌ని ఆడనిచ్చాం.

కాసేపటికి వేడి చూపించే మీటరు ముల్లు పైకి పాకడం మొదలైంది. జానీ డ్యాష్‌బోర్డు ముందు నుంచి కదల్లేదు. సూర్రావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను గుడ్డ పెట్టి రేడియేటర్ పై పైపు తాకాను, కింది పైపు తాకాను. రెండూ కాలుతున్నాయి. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి, పంపు పనిచేస్తోంది. తిరిగిన నీళ్ళు చల్లారడమే లేదు. చల్లార్చాల్సింది గాలి. గాలి సంగతి చూడాలి కదా!

పేపరులోంచి ఒక షీటు తీసి బండి ముందు గ్రిల్ దగ్గర పట్టుకున్నాను. లోపల ఫ్యాను తిరుగుతుంటే బయటి గాలిని లోపలికి లాగాలి, కాగితం గ్రిల్‌కి అతుక్కుపోవాలి. అబ్బా ఇలాగే చూసేవాడు. వదిలేశాను. కాగితం సూటిగా కిందికి జారి నా చెప్పుల మీద పడింది.

ఇంకోసారి పెట్టాను. మళ్ళీ పడింది.

"ఇంజన్ ఆపు" అన్నాను జానీతో. టార్చి అడిగి గ్రిల్ సందుల్లోంచి లోపలికి కొట్టాను. గ్రిల్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఒక గోడ కనిపించింది. వేలు దూర్చి గోకితే గట్టిగా తగిలింది. ఇంకాస్త గోకితే పెచ్చు ఊడి, లోపల పచ్చటి దారం బయటపడింది. వల! చేపపిల్లల్ని నిలవుంచే సన్న కన్నుల నైలాన్ వల.

"ఇదేంట్రా?"

"పురుగులకి ఆపా" అన్నాడు జానీ, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "సాయంత్రమైతే చెరువుల గట్ల మీద పురుగులు ముసురుతాయి కదా. రేడియేటర్ సందుల్లో ఇరుక్కుంటాయని కడతారు. లంకలకి తిరిగే బండ్లన్నిటికీ ఉంటుంది."

"ఎప్పుడు కట్టారు?"

"బండి కొన్నప్పటి నుంచీ ఉంది."

"ఎప్పుడైనా విప్పి కడిగావా?"

వాడు మేస్త్రి వైపు చూశాడు. "విప్పడానికి రాదు ఆపా. బైండింగ్ వైరుతో బిగించేస్తారు."

పాతకాలం డ్రైవర్లు ఆ వలని తాడుతో కట్టుకునేవారట. రాత్రి బండి ఆపగానే విప్పి చెరువులో జాడించి, పొద్దున్నే మళ్ళీ కట్టుకునేవారట. ఇది గంగరాజు గారు తన స్టూలు మీద నుంచే చెప్పాడు. తాడైతే వదులై కొట్టుకుంటోందని తర్వాత వైరు వచ్చింది. వైరు వచ్చాక విప్పడం పోయింది. జానీ ఏం చేశాడంటే, చెరువులవాళ్ళని ఎక్కించుకున్నప్పుడల్లా వాళ్ళ తవుడు బస్తాలు కూడా బండి పైన వేసుకొచ్చాడు. ఆ గట్ల మీద ఎప్పుడూ ముందొక తవుడు లారీ ఉంటుంది. పురుగులు వలకి తగిలాయి, పురుగుల మీద తవుడు పడింది, తవుడు మీద దుమ్ము పడింది, తెల్లవారుజాము మంచుకి అంతా నాని, మధ్యాహ్నం ఎండకి ఎండింది. గోడ అలికినట్టు అలుక్కుపోయింది. గాలి చొరడానికి సూది మొన మోపేంత సందు లేదు.

"ఈ వల మీరు చూడలేదా అండీ?" అని సూర్రావుని అడిగాను.

"అది ఉండేదే కదండీ అమ్మగారు. అన్ని బండ్లకీ ఉంటుందండి. మేమే కడతాం."

ఆయన అబద్ధం చెప్పలేదు. మోసం కూడా చేయలేదు. అదే నన్ను మరీ మండించింది. మోసగాడినైతే నాలుగు తిట్టి దులుపుకుని పోవచ్చు. ఈయన సొంత చేతులతో వల కడతాడు, వల మూసుకుపోయి బండి వేడెక్కుతుంది, అదే బండి ఈయన దగ్గరికే వస్తుంది, ఈయన అంతే మర్యాదగా ఇంజన్ దించుతాడు. ఎప్పుడూ అక్కడే ఉండే వస్తువు కాబట్టి అది ఎవరి కంటికీ ఆనదు. గ్రిల్ ముందు వంగి ఒక్కసారి చూడటానికి ఏ స్పానరూ అక్కర్లేదు. నడుం వంచితే చాలు! ఇంత పెద్ద షెడ్డులో ఒక్క నడుమూ వంగలేదు. అదే మాట పైకే అన్నాను, గట్టిగానే అన్నాను. పక్క టీ బంకులోవాళ్ళు కూడా తొంగిచూశారు.

గ్రిల్ విప్పి, వైరు కోసి, ఆ వలని బయటికి లాగారు. అట్టలా వచ్చింది, నిలబెడితే నిలబడింది. రేడియేటర్‌కి వెనక నుంచి నీళ్ళు కొట్టి కడిగారు. ఇంజన్ స్టార్ట్ చేశాం. కాగితం పెట్టాను. చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్ళి అతుక్కుంది. ముల్లు సగం దాకా వచ్చి ఆగింది. భోజనాల వేళ దాకా ఇంజన్ ఆడించాం, అక్కడి నుంచి కదల్లేదు.

జానీ బండి తలుపుకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

ఇంత జరిగాక సూర్రావు ఏమన్నాడో తెలుసా? "ఎలాగూ వచ్చారు కదండీ, ఒకసారి హెడ్ ఊడదీసి చూసేసుకుంటే మనసుకి నిమ్మళంగా ఉంటుందండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే జానీయే "వద్దండి, విప్పనివ్వను" అన్నాడు, ఈసారి నేల వైపు చూడకుండా.

అప్పుడు చూశాను, గంగరాజు గారు స్టూలు మీద లేడు. తన జీపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గ్రిల్ సందులో వేళ్ళు దూర్చాడు. కాసేపటికి లేచి, చెయ్యి మా వైపు చాపాడు. వేళ్ళ నిండా ఎండిన తవుడు, పురుగు రెక్కలు.

"సూర్రావు గారూ, మాదీ ఇదేనా అండీ?"

"మీ బండి సంగతి వేరండి. మీది బోరుకొచ్చేసిందండి."

"నిజమేనా అమ్మా?" అని ఆయన నన్నడిగాడు.

ఏం చెప్పను? బోరుకొచ్చిందేమో, రాలేదేమో. నీళ్ళు లేవు, ఆయిల్ లేదు, ఇంజనే లేదు. దేనికి బుడగలు చూడను, దేనికి ముల్లు చూడను? "ఇప్పుడు చెప్పలేనండీ. విప్పకముందైతే చెప్పగలిగేదాన్ని" అన్నాను. ఉన్న మాట అదే, అంతకంటే మెత్తగా చెప్పే మాట దొరకలేదు.

షెడ్డు ఎదురుగా ఉన్న మెస్‌లో భోజనం చేశాం. పప్పూ, వంకాయ కూరా బాగున్నాయి. అటు వెళ్ళేవాళ్ళు నిస్సంకోచంగా తినొచ్చు. గంగరాజు గారిని కూడా రమ్మన్నాం. వచ్చి కూర్చున్నాడు గానీ అన్నం కెలికి లేచిపోయాడు. బ్లాక్ ఇంకా రాజమండ్రి నుంచి రాలేదు. ఇక్కడ కూర్చుని చేసేదేమీ లేదు కనుక, దారిలోనే కదా, మా బండిలో ఎక్కించుకున్నాం.

మూడున్నరకి బయల్దేరాం. ఉంగుటూరు, కైకరం, హైవే మీద ఎండ ఇంకా చుర్రుమంటోంది. నిన్న బండి ఆగిపోయిన చోటు వచ్చినప్పుడు జానీ చెయ్యెత్తి చూపించాడు, వేగం తగ్గించలేదు. భీమడోలులో వాడి ఇంటి ముందు ఆగకుండా, నన్ను ఏలూరులో దింపే వస్తానన్నాడు. బండిని నమ్మాడనడానికి అంతకంటే గుర్తేం కావాలి. నేను వెనక సీట్లో కూర్చుని, రేపు ల్యాబ్‌లో ఈ కథ ఎవరెవరికి చెప్పాలా అని ఆలోచించుకున్నాను. గంగరాజు గారు ముందు సీట్లో ఉన్నాడు. గూడెం దాటిన దగ్గర్నుంచి ఆయన రోడ్డు చూడలేదు, చెరువులు చూడలేదు. డ్యాష్‌బోర్డు మీద ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. అది సగంలోనే ఉంది.

గుండుగొలను సెంటర్లో ఆపమన్నాడు. లంక వైపు వెళ్ళే ఆటోలు అక్కడే ఉంటాయి. దిగి, చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టబోతే జానీ వద్దని చేతులు పట్టుకున్నాడు. ఆయన వెంటనే వెళ్ళలేదు. బండి ముందుకొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"మాదీ ఇలాగే ఉండేదేమోనండీ" అన్నాడు.

ఆటో ఎక్కి లంక వైపు వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళయినా ఆయన అన్న ఆ "ఏమో" గుర్తొస్తే నాకు కోపం ఆగదు. ఆ మాటకి జవాబు చెప్పగలిగింది ఒక్క ఆ ఇంజనే. అది గూడెంలో గోనెపట్టా మీద ముక్కలై పడి ఉంది.